రూతమ్మ టీచర్ ఇంటి సున్నం

పోయిన నెలలో ఒక పొద్దున మేఘన అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పాత కట్టడాలను బాగుచేసే ఆర్కిటెక్టునని చెప్పింది. భుజాన పెద్ద సంచి, దుమ్ము కొట్టుకుపోయిన బూట్లు. మంచినీళ్లు ఇస్తే మొహమాటం లేకుండా గ్లాసెత్తి గటగటా తాగేసింది, దాంతో నాకు నచ్చేసింది. నాంపల్లి స్టేషనుకీ ఆబిడ్స్‌కీ నడుమ మేమున్న గల్లీ గురించి నేనెప్పుడో ఒక ఆదివారం అనుబంధంలో వ్యాసం రాశాను. అది ఎవరో ఫోన్లో పంపితే చదివి, నా అడ్రసు పట్టుకుని వచ్చిందట. "ఆంటీ, మీరు రాసిన రూతమ్మ టీచర్ ఇల్లు ఇంకా ఉంది. ఇప్పుడు నేను దాని మీదనే పని చేస్తున్న," అంది. ప్రాణం లేచి రావలసిన మాట అది. లేచి రాలేదు. ఆ ఇల్లు ఎప్పుడో పడిపోయి ఉంటుందని, పడిపోతేనే నయమని ఇన్నేళ్లుగా లోలోపల అనుకుంటున్నానని నాకు అప్పుడే తెలిసింది.

ఆ అమ్మాయి సంగతి వివరంగా చెప్పింది. ఇప్పుడున్న యజమాని ముందు వైపు కమానులు మాత్రం ఉంచి, వెనక ఇల్లంతా కూలగొట్టి అంతస్తులు లేపుతానంటున్నాడు. కింది గోడలు పాడైన మాట నిజమే. అయితే ఎందుకు పాడయ్యాయన్నది తేలాలి. "ఓనర్ తరఫు ఇంజనీరేమో, అసలు సున్నమే మంచిది కాదు, అప్పటి మేస్త్రి మోసం చేసిండు, ఈ గోడలల్ల దమ్ము లేదు అంటున్నడు. అదే నిజమైతే కూలగొట్టడానికి పర్మిషన్ వచ్చేస్తది. మధ్యల ఎవరన్న ఏదన్న చేస్తే చెడిపోయినయి అని చూపిస్తే ఆపొచ్చు. వచ్చే వారం పాత కట్టడాల కమిటీకి నా రిపోర్టు ఇయ్యాలె. గోడల మీద సిమెంటు ప్లాస్టర్ ఉంది ఆంటీ. మీరు ఆ ఇంట్లనే పెరిగిన్రు కద, అది ఎప్పుడు చేసిన్రో, ఎవరు చేయించిన్రో మీకేమన్న యాదికుందా?"

"లేదమ్మా," అన్నాను. డెబ్బై దగ్గర పడ్డ మనిషిని, మరిచిపోయానంటే ఎవరైనా నమ్ముతారు. ఆ పిల్లా నమ్మింది. "ఏం ఫికర్ లేదు. రేపు ఒకసారి వచ్చి చూస్తరా? చూస్తే యాదికొస్తదేమో," అంది. వస్తానన్నాను. తను వెళ్లాక ఆ పాత వ్యాసం తీసి చదువుకున్నాను. అందులో రూతమ్మ టీచర్ ఉంది, బక్కయ్య తాత ఉన్నాడు, గల్లీలో అమ్మే ఉస్మానియా బిస్కెట్ల వాసన కూడా ఉంది. ఇల్లు ఎందుకు పాడయిందన్న చోట 'కాలక్రమంలో శిథిలమైంది' అని రాసి చేతులు దులుపుకున్నాను. రాసేవాళ్లకు వదిలేయడం బాగా వస్తుంది.

మా నాన్న లక్డీకాపూల్‌లో ఒక సర్కారీ ఆఫీసులో క్లర్కు. రూతమ్మ టీచర్ ఇంట్లో కింద రెండు అర్రలు, ఒక వంటిల్లు మాకు కిరాయి. పైన టీచర్ ఒక్కతే ఉండేది. వాళ్లది మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. వాళ్ల నాన్న దవాఖానలో కంపౌండరుగా చేసి ఆ ఇల్లు కొన్నాడు. ఆయన పోయాక ఇల్లూ, ఆయన గొడుగూ ఈమెకు మిగిలాయి. ఆబిడ్స్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పేది. తెల్లవారుతూనే పైనుంచి ఆమె సన్నగా పాడుకునే కీర్తన వినిపించేది, కింద మా అమ్మ అప్పుడు దేవుడి దగ్గర దీపం పెడుతూ ఉండేది. రెండూ ఒకే సమయానికి జరగడం వల్ల నాకు చాలా ఏళ్ల దాకా అవి రెండు వేరు మతాలని తోచలేదు. గంజి పెట్టిన చీర కట్టి, మెట్లు దిగుతూ ఆమె చేసే చప్పుడు వినపడగానే నేను పుస్తకం తెరిచేదాన్ని. చదవకపోతే తిట్టేది కాదు. "చదువుతలేవా బిడ్డా," అని ఊరికే అడిగేది. ఆ అడగడం కంటే నాలుగు దెబ్బలు నయమనిపించేది.

మెట్రిక్ అయ్యాక చదువు చాలించమన్నాడు మా నాన్న. ఆ సాయంత్రం టీచర్ కిందికి దిగి వచ్చి, మా వంటింటి ముందు పీట మీద కూర్చుంది. ఆమె మా ఇంట్లో కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి. "లెక్కలల్ల గిన్ని మార్కులు తెచ్చుకున్న పిల్లను ఇంట్ల కూసోబెడ్తరా సారూ? డ్రాఫ్ట్స్‌మన్ కోర్సుల ఆడపిల్లలను గూడ తీసుకుంటున్రు. నేను పొయ్యి మాట్లాడొస్త," అంది. మాట్లాడి వచ్చింది కూడా. నేను రెండేళ్లు ఇళ్ల బొమ్మలు గీయడం నేర్చుకుని, మా నాన్న ఆఫీసుకు నాలుగు గేట్ల అవతల ఉద్యోగంలో చేరానంటే అది ఆమె చలవే. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే నేను పాడుచేసింది ఎవరి ఇల్లో మీకు తెలియాలి.

ఆ ఇంట్లో ఏడాదికి అసలు పండుగ సున్నానిది. దసరా వెళ్లగానే బక్కయ్య తాత, అతని భార్య ఎల్లమ్మ వచ్చేవాళ్లు. కంపౌండరుగారి కాలం నుంచి ఆ ఇంటి గోడలు చూసేది వాళ్లే. పెరట్లో గుంత తీసి, కాల్చిన సున్నపురాళ్లు పోసి, నీళ్లు వదిలితే అది కుతకుత ఉడికి పొగలు కక్కేది. పిల్లలం దగ్గరికి పోతే మా అమ్మ రెక్క పట్టి లోపలికి గుంజేది. ఆ సున్నాన్ని వారాల తరబడి నీళ్ల కింద నాననిచ్చేవాళ్లు. ఈలోగా బేగం బజార్ నుంచి బెల్లం, కరక్కాయలు తెచ్చి పెద్ద కుండలో నీళ్లు పోసి పులియబెట్టేవాళ్లు. ఆ పులుపు, ఆ తీపి, ఆ వగరు కలిసిన వాసన ఇంటినిండా ఉండేది. మా అన్నంలో కూడా ఆ వాసనే వస్తుందని నాన్న విసుక్కునేవాడు. వానాకాలంలో గోడలు ఎక్కడెక్కడ పెచ్చులు రాలాయో బక్కయ్య తాత చేత్తో తడిమి చూసి, ఆ మేర గీకేసి, ఇసుకా ఇటుక పొడీ కలిపిన సున్నంలో ఆ కుండనీళ్లు పోసి పూసేవాడు. పూత ఆరాక దాన్ని చిన్న రాయితో రుద్దుతూనే ఉండేవాడు, పొద్దస్తమానం, తొందరన్నది లేకుండా. ఎల్లమ్మ కుంచెతో తెల్లసున్నం వేసేది. క్రిస్మస్ నాటికి ఇల్లంతా తెల్లగా నిలబడేది. టీచర్ వాళ్లిద్దరికీ కొత్తబట్టలు పెట్టి, ఒక కేకు ముక్క చేతిలో పెట్టేది. ఎల్లమ్మ దాన్ని కొంగున కట్టుకునేది.

నాకు అదంతా నామోషీగా ఉండేది. నిజం చెప్పాలి కదా. గోడకు ఆనుకుంటే వీపంతా తెలుపు. వానాకాలం వస్తే తెల్లారేసరికి అల్మారాలో బట్టల మీద పొడి. మా ఆఫీసు నుంచి ఇద్దరు స్నేహితురాళ్లు ఇంటికి వచ్చి, వెళ్లేటప్పుడు ఒకరి వీపు ఒకరు దులుపుకుంటూ నవ్వుకుంటూ పోయారు. ఆ నవ్వు నన్ను నెలరోజులు కాల్చింది. కోర్సులో మాకు చెప్పింది సిమెంటే. సున్నం అంటే పాతకాలం వాళ్లు గతిలేక వాడింది అన్నట్టు ఒక పేజీలో తిప్పేశారు. నాకేమో కొత్తగా వచ్చిన చదువు, కొత్తగా వచ్చిన జీతం, ఈ ఇంట్లో ఇళ్ల గురించి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అన్న గర్వం. ఒకరోజు పైకి వెళ్లి, "టీచర్, ప్రతి ఏడు ఈ లొల్లంతా ఎందుకు? కింది గోడలకు ఒక్కసారి సిమెంటు కొట్టిస్తే మళ్ల మీరు చూడనవసరం లేదు," అన్నాను. కాగితం మీద బొమ్మ గీసి కూడా చూపించాను. టీచర్ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. నా లెక్కకంటే నా గీతలు చూసి మురిసిపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది. "నువ్వు సద్వుకున్నదానివి విమలా. నువ్వు చెప్తే కాదంటనా," అంది.

ఆ ఏడు సున్నం గుంత తవ్వడానికి వచ్చిన బక్కయ్య తాతకు ఆ మాట చెప్పింది కూడా నేనే. అతను గోడను చేత్తో తడిమాడు. "టీచరమ్మా, గోడకు చెమట పడ్తది. సున్నమైతే తాగుతది, మల్ల ఇడుస్తది. సిమెంటు ఇడువది," అన్నాడు. "గోడకు చెమటేంది తాతా, మనిషా అది," అని నేను నవ్వాను. టీచర్ కూడా నవ్వింది. అతను నొచ్చుకోలేదు. "నాకు సద్వు రాదు బిడ్డా. నీకెరుకనే ఉంటది," అని తట్ట తీసుకుని వెళ్లిపోయాడు. సిమెంటు పనివాళ్లు వచ్చారు. నడుం ఎత్తు దాకా చాలుకదా అని వాళ్లే అన్నారు. కిటికీల పై దాకా కొట్టండి, లోపలా బయటా రెండు వైపులా కొట్టండి అని దగ్గర నిలబడి చెప్పింది నేను. పని అయ్యాక మా అమ్మ తడిబట్టతో గోడ తుడిచి, బట్టకు ఏమీ అంటలేదని మురిసిపోయింది. గల్లీ అంతా వచ్చి చూసి పోయారు. నేను ఇంజనీరునైపోయినట్టే నడిచాను ఆ కొన్నాళ్లు.

రెండో వానాకాలానికి సిమెంటు అంచు పైన తడి కనిపించింది. మూడో ఏటికి మా ముందు అర్ర గోడ కడుపు ఉబ్బింది. పైన టీచర్ మంచం కింద నేల ఒక మూల కుంగింది, దూలం కొస గోడలో కుళ్లిపోయింది. నాకు భయం పట్టుకుంది. మా ఆఫీసులో రిటైరు కాబోతున్న ఒక పెద్ద ఇంజనీరుగారు ఉండేవారు. మా చుట్టాల ఇల్లండీ అని చెప్పి, ఆయన్ను అడిగాను. ఆయన కాగితం మీంచి తల ఎత్తకుండానే, "సున్నం గోడకు రెండు దిక్కులా సిమెంటా? ఎవరమ్మా ఆ తెలివిగలవాడు? లోపలి తడి ఎటు పోవాలె? తొందరగా పీకేయమను," అన్నారు. ఆ సాయంత్రం నేను బస్సు ఎక్కలేదు. లక్డీకాపూల్ నుంచి ఇంటి దాకా నడిచాను. ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. టీచర్, తప్పయింది, రేపే పీకేయిద్దాం. ఇంతే. ఇంతకంటే పెద్ద మాటేమీ అక్కర్లేదు.

గేటు తీసేసరికి వాకిట్లో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. పగలు ఎవరో కాంట్రాక్టరు వచ్చి చూసి, లోపలి సున్నం పిండైపోయింది, మీ మేస్త్రి మిమ్మల్ని ముంచాడు అని చెప్పి వెళ్లాడట. అదే సమయానికి, పై అంతస్తు పనికి గుంత ఎప్పుడు తవ్వమంటారని అడగడానికి బక్కయ్య తాత, ఎల్లమ్మ వచ్చారు. టీచర్ పిడికిట్లో ఆ తడిపిండి ఉంది. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, ఆ పిండి అతని ముందుకు చాపి అంది: "బక్కయ్యా, మా నాయిన నిన్ను సొంత మనిషి లెక్క చూసుకున్నడు. ఇన్నేండ్లు నువ్వు పెట్టింది ఇదా? దీన్ని దొంగతనం అనరా?" అతను ఆ పిండిలోంచి చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి, నాలుక మీద వేసుకున్నాడు. "సున్నం మంచిదే టీచరమ్మా. తడి బయటికి పోలే. గంతే," అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. కోపంగా చూడలేదు, ఆశగా చూశాడు. "బిడ్డకెరుక. సద్వుకున్నది. అడుగున్రి."

టీచర్ నా వైపు తిరిగింది. "చెప్పు విమలా."

"మాకు సున్నం గురించి చెప్పలేదు టీచర్. సిమెంటు గురించే చెప్పిన్రు," అన్నాను నేను.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు. బక్కయ్య తాత ఒకసారి తల ఊపి, రుమాలు భుజాన వేసుకుని "నడువ్" అన్నాడు భార్యతో. ఎల్లమ్మ గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను చేతిలోని టిఫిను డబ్బా కడగాలన్నట్టు లోపలికి పోయాను.

గల్లీలో ఇంకా నాలుగైదు ఇళ్లు అతనే చూసేవాడు. రూతమ్మ టీచర్ మాటంటే అక్కడ గురి. ఆ ఏడు అతన్ని ఎవరూ పిలవలేదు, ఆ తర్వాతా పిలవలేదు. ఒకసారి బేగం బజార్‌లో ఒక గోదాము ముందు స్టూలు మీద కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కాపలా పని అనుకుంటాను. నేను చప్పున పక్క దుకాణంలో దూరి, ఇంట్లో ఉన్న ధనియాలే మళ్లీ కొన్నాను. టీచర్ ఆ కుంగిన అర్రలో ఉండలేక, మేము వేరే కిరాయింటికి మారాక, ఇంటికి తాళం వేసి మెదక్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లే రోజు నా తల మీద చెయ్యి పెట్టి, "ఎవ్వర్నీ పూరా నమ్మొద్దు బిడ్డా," అంది. ఎవరు ఏం చెప్పినా నమ్మే మనిషి చేత ఆ మాట అనిపించింది నేను. ఆమె చనిపోయినప్పుడు మెదక్ వెళ్లాను. అందరికంటే ఎక్కువ ఏడ్చాను. వాళ్ల చెల్లెలు నన్నే ఓదార్చింది, నువ్వంటే అక్కకు ప్రాణం అని. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. శవం ముందు నా గొడవేంటని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మేఘనతో ఆటో దిగేసరికి ఆ గల్లీని నేను గుర్తుపట్టలేకపోయాను. రెండు వైపులా లాడ్జీల బోర్డులు, మొబైల్ దుకాణాలు. నడుమ టీచర్ ఇల్లు బురఖా వేసినట్టు ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని ఉంది. లోపల యజమాని తరఫు ఇంజనీరు కుర్రవాడు, మర్యాదస్తుడే, నాకు కుర్చీ తెప్పించాడు. మా ముందు అర్రకు ఇప్పుడు కప్పు సగమే ఉంది. మేఘన కూలీ చేత కింద ఒకచోట సిమెంటు పీకించింది. లోపల సున్నం తడిమట్టిలా వేలికి అంటింది. తర్వాత నిచ్చెన వేయించి, సిమెంటు అందని పై భాగంలో ఉలితో కొట్టించింది. ఉలి ఎగిరి వెనక్కి వచ్చింది. "చూడున్రి, పైన రాయి లెక్కుంది. దీన్ని బాగుచేసే పనోళ్లు ఇప్పుడు ఇక్కడ దొరుకుతలేరు ఆంటీ, వేరే రాష్ట్రం నుంచి తెప్పించాలె," అంది. ఇంజనీరు కుర్రవాడు నవ్వి, "పైన కట్టినోడు మంచోడు మేడం, కింద కట్టినోడు దొంగ. ఆ రోజులల్ల గూడ మోసగాళ్లు ఉండిరి కద," అన్నాడు.

అదే మాట. అదే ఇల్లు. ఈసారి నన్ను ఎవరూ అడగలేదు కూడా, నోరు మూసుకుంటే సరిపోయేది. కుర్చీలోంచి లేచాను. "లేదు బాబూ. పైనా కిందా చూసింది ఒక్కడే. సిమెంటు కొట్టించింది నేను. రెండు వైపులా కొట్టించింది నేను. వద్దని అతను చెప్పాడు, నేను నవ్వాను," అన్నాను. ఏ సంవత్సరమో, ఎవరు వద్దన్నారో, వాకిట్లో ఏం జరిగిందో, టీచర్ ఇల్లు ఎందుకు వదిలిందో అంతా చెప్పాను. చెప్తూ ఏడ్చాను. ఆ కుర్రవాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. మేఘన తిడుతుందనుకున్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, నాకు ఇదే కావాలె. ఇగ ఇల్లు కూలగొట్టనియ్యను. సిమెంటంత పీకేసి ఒక్క ఎండాకాలం వదిలేస్తే గోడలు వాటంతటవే ఆరుతయి," అంది.

"ఒక్క ఎండాకాలమా?"

"ఔ ఆంటీ. మళ్ల సున్నం పూస్తే సరిపోతది."

"అప్పుడే, ఆ మూడో ఏడే పీకేసి ఉంటే?"

ఆ పిల్లకు నా ప్రశ్నలో ఏముందో తెలియదు. గోడ వైపు చూసి తేలిగ్గా చెప్పేసింది: "అప్పుడైతే ఏం కాకపోతుండె. పెద్దావిడ ఆ ఇంట్లనే ఉండొచ్చుండె."

నేను కళ్లు తుడుచుకుని, "పేర్లు రాసుకో అమ్మా," అన్నాను. "మేస్త్రి పేరు బక్కయ్య. భార్య ఎల్లమ్మ. వాళ్ల సున్నం మంచిదని రాయి. పాడుచేసింది విమల అని రాయి. ఇంటిపేరుతో సహా చెప్తాను."

మేఘన పుస్తకం మూసి, నొప్పించకూడదన్నట్టు మెల్లగా చెప్పింది. "రిపోర్టుల మనుషుల పేర్లు రాయం ఆంటీ. 'తర్వాతి కాలంలో జరిగిన సరికాని మరమ్మతు' అని రాస్తం. మీరు పరేషాన్ కాకున్రి, మీ పేరు యాడ రాదు."

నా తప్పుకు అంత మర్యాదైన మాట దొరికింది. బక్కయ్య తాతను మాత్రం ఈ ఇంటి వాకిట్లోనే, అందరి ముందు, పేరు పెట్టి పిలిచి మరీ దొంగను చేశాం.